చెప్పేది నిజమే అయినా ఎదుటివాళ్లు ఎందుకు వినరు?

అడిగింది: "నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊళ్లో నాన్నకు రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకోమని ఏడాదిగా మొత్తుకుంటున్నా. డాక్టర్ల వీడియోలు చూపించా, ఎంత సేఫో లెక్కలతో సహా చెప్పా. వినరు, పైగా కోప్పడతారు. ఆఫీసులోనూ ఇదే పరిస్థితి. మీటింగ్‌లో నేను చెప్పిన మాట గాలికి పోతుంది, అదే మాట ఇంకొకరంటే అందరూ తలూపుతారు. బేరం ఆడటం కూడా చేతకాదు. ఒప్పించే నేర్పు పుట్టుకతో రావాలా, నేర్చుకోవచ్చా?"

నేర్చుకోవచ్చు. నేను వ్యవసాయ శాఖలో మండల స్థాయిలో పనిచేసి రిటైరైన మనిషిని. ఆ ఉద్యోగంలో కుర్చీ ఉంటుంది, జీపు ఉంటుంది, రైతు మీద అధికారం మాత్రం ఉండదు. పొలం ఆయనది, పెట్టుబడి ఆయనది, నష్టమొస్తే అప్పూ ఆయనదే. "యూరియా తగ్గించు" అని చెప్పగలం గానీ చేతిలో కట్ట లాక్కోలేం కదా. నోటి మాటతోనే నెగ్గుకురావాలి. అలా తెలిసిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్నే ఇంకోసారి చదువుకోండి. మీరు నాన్నగారికి ఏమేం చెప్పారో అంతా రాశారు. ఆయన ఎందుకు వద్దంటున్నారో ఒక్క ముక్కా లేదు. ఏడాదిగా ఇద్దరూ మాట్లాడుకుంటున్నా ఆ సంగతి మీకు తెలియలేదంటే, ఆపరేషన్ గురించి ఆయనకు తెలియకపోవడం కాదు అసలు చిక్కు. ఆయన భయమేమిటో మీకు తెలియకపోవడం.

దీన్ని నాకు బాగా నేర్పింది డెల్టాలో ఒక కౌలు రైతు. వరికి యూరియా మోతాదు మించితే ఏమవుతుందో అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. చేను నల్లగా నవనవలాడుతుంది, ఆ వెంటనే దోమ (మొక్క రసం పీల్చే పురుగు) పడుతుంది, అగ్గితెగులు వస్తుంది, గింజ బరువెక్కే వేళకి గాలివాన వస్తే మొత్తం పడిపోతుంది. రైతు సదస్సు పెట్టి మేం ఇదంతా చెబితే అందరూ "అవును సార్, నిజమే సార్" అనేవారు. మర్నాడు ఉదయం చూస్తే కట్టలు విప్పి చల్లుతూ ఉండేవారు. మా వాళ్లు కొందరు "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని విసుక్కునేవారు. వాళ్ల చెవులకేమీ లోపం లేదు. మేం అడగాల్సింది అడగలేదు, అంతే.

ఒకరోజు గట్టు మీద ఆయనా నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"బాబాయ్, ఈ విడత యూరియా వేయకపోతే ఏమవుతుందంటావు?"

"ఏమీ కాదు సార్."

"మరి ఎందుకు వేస్తున్నావు?"

"వేయకపోతే చేను పాలిపోయి కనబడుతుంది."

"కనబడితే?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. రోడ్డు వైపు చూశాడు. "ఆసామి శనివారం శనివారం బండి మీద వస్తాడు సార్. గట్టు దిగడు. రోడ్డు మీంచే చూసి పోతాడు. చేను తెల్లగా కనబడిందంటే వీడు పెట్టుబడి పెట్టట్లేదు అనుకుంటాడు. వచ్చే ఏడు కౌలు ఇంకొకడికి పోతుంది."

ఇప్పుడు చెప్పండి, ఈ మనిషికి నత్రజని గురించి ఎన్ని పాఠాలు చెబితే ఏం లాభం? ఆయన యూరియా వేస్తున్నది వరి కోసం కాదు, రోడ్డు మీద నిలబడి చూసే ఒక్క మనిషి కోసం. అది తెలిశాక నా పని తేలికైంది. రోడ్డు పక్క మడి జోలికి పోవద్దన్నాను, అది ఎప్పటిలాగే ఉండనీ. లోపల, రోడ్డుకు కనబడని మడి ఒక్కటి ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి వేద్దాం, ఆకు రంగు పట్టికలో చెప్పినదాని కంటే తగ్గితేనే వేద్దాం అన్నాను. ఆయన నిమిషంలో ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆసామితో కూడా మాట్లాడాను. కౌలుదారుడి పొలం గురించి కాకుండా, మండలంలో దోమ ఉధృతి గురించి. ఆసామికి కూడా నష్టం ఎటు నుంచి వస్తుందో తెలియాలి గదా.

ఎవరైనా "వద్దు" అన్నప్పుడు పైకి చెప్పే కారణం ఒకటి, లోపల పనిచేసే కారణం ఇంకొకటి ఉంటాయి. లోపలిది చాలాసార్లు డబ్బు, భయం, పరువు, లేదా ఇంకెవరో ఏమనుకుంటారో అన్న బెంగ. మనం పైకి చెప్పిన కారణంతో వాదిస్తాం. వాదనలో గెలుస్తాం కూడా. అయినా పని జరగదు. పైగా, మొదటి కారణాన్ని మనం కొట్టిపారేస్తే ఆయన రెండోది వెతుక్కుంటాడు. అలా వెతుక్కుంటూ పోయేకొద్దీ తన "వద్దు" మీద తనకే నమ్మకం గట్టిపడుతుంది. వీడియోలు చూపించిన ప్రతిసారీ మీ ఇంట్లో జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఫోన్లో ఈ విషయం ఎత్తడం ఆపేయండి. ఊరెళ్లినప్పుడు, ఇంట్లో నలుగురూ లేని సమయంలో, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని మాట్లాడండి. అరుగు మీదో, పొలం దారిలోనో. మొహంలో మొహం పెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. "ఎందుకు చేయించుకోవు?" అని అడక్కండి, ఆ ప్రశ్నలోనే నిందుంది. "ఆపరేషన్ అంటే నీకు ముందు ఏది గుర్తొస్తుంది నాన్నా?" అని అడగండి. అడిగాక ఊరుకోండి. ఇదే కష్టం. మనకు నిశ్శబ్దం భరించడం అలవాటు లేదు, మధ్యలో ఏదో ఒకటి అందించేస్తాం.

ఏం బయటపడవచ్చో నాకు తెలిసినంతలో చెబుతాను. మా వైపు పెద్దవాళ్లలో ఎక్కువగా వినపడేది "ఇంకా ముదరలేదు" అన్న మాట. ఇది మూర్ఖత్వం కాదు, ఒకప్పుడు డాక్టర్లు నిజంగానే అలా చెప్పేవారు. శుక్లం మొత్తాన్ని పెద్ద కోతతో తీసే పాత రోజుల్లో ముదిరేదాకా ఆగమనేవాళ్లు. ఇప్పుడు చిన్న రంధ్రంలోంచి శుక్లాన్ని ముక్కలు చేసి తీసి, లోపల కటకం పెడుతున్నారు. కాబట్టి ముదిరేదాకా ఆగనక్కర్లేదు. పైగా మరీ ముదిరితేనే తీయడం కష్టం. కానీ "అదంతా పాతకాలపు మాట" అని మీరంటే, ఆయన్ని పాతకాలపు మనిషి అన్నట్టే. "అప్పట్లో ఆగమనడం సరైనదే నాన్నా, ఇప్పుడు తీసే పద్ధతి మారింది" అనండి. విషయం ఒకటే. రెండో రకంగా చెబితే ఆయన ఇన్నాళ్లు ఆగడం తప్పనిపించుకోదు, అందుకే మనసు మార్చుకోవడానికి దారి దొరుకుతుంది.

రెండోది, ఊళ్లో ఎవరికో ఆపరేషన్ తర్వాత కన్ను పోయిందన్న కథ. దాదాపు ప్రతి ఊళ్లో ఒకటుంటుంది. దాన్ని "పుకారు" అనకండి, ఆ కన్ను పోయినవాడు నాన్నగారికి తెలిసిన మనిషి. ఏం జరిగిందో, ఎక్కడ చేయించుకున్నారో, చుక్కల మందు సరిగ్గా వేసుకున్నారో లేదో మొత్తం వినండి. తర్వాత అదే ఊళ్లో చేయించుకుని బాగున్నవాళ్లు ఎవరున్నారో ఆయన్నే చెప్పమనండి. ఆ మనిషిని ఒకసారి ఇంటికి కాఫీకి పిలవండి. మీ నోటితో వెయ్యి చెప్పినా, "నాకు అరగంట కూడా పట్టలేదురా, సాయంత్రానికి ఇంటికొచ్చేశా" అని వీధిలో తోటివాడు చెప్పే ఒక్క మాటకు సాటిరాదు. కొడుకు చెబితే వినడానికి తండ్రికి మొహమాటం. చిన్నప్పుడు చేయి పట్టుకుని నడిపించినవాడికి, ఇప్పుడు ఆ చేయే తనను నడిపిస్తానంటే అంత తేలిగ్గా మింగుడుపడదు.

మూడోది పైకి రానిది: "నా వల్ల వీడికి ఖర్చు" లేదా "నేను పడుకుంటే గేదెను ఎవరు చూస్తారు?" ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ చాలాసార్లు అసలు అడ్డంకి ఇక్కడే ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో, కొన్ని సేవాసంస్థల కంటి ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితంగానే చేస్తారు. సాధారణంగా ముందు ఒక కన్నుకు చేసి, అది కుదుటపడ్డాక రెండోదానికి చేస్తారు, కాబట్టి రెండు కళ్లూ ఒకేసారి మూసుకుని కూర్చునే పని లేదు. కొన్ని రోజులు కంట్లో నీళ్లు పడకుండా, దుమ్ము తగలకుండా చూసుకోవాలి, కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి. ఆ రోజుల్లో గేదెకు మేత వేసే మనిషి పేరు మీరు ముందే మాట్లాడి పెట్టుకుని వెళ్లండి. కంటి గురించి ఏడాదిగా చెప్పిన మాటలన్నీ ఒకెత్తు, గేదె మేత ఏర్పాటు ఒకెత్తు అవుతుందంటే నవ్వకండి.

ఇంకో పద్ధతి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. కొత్త విత్తనమో, నాట్లు లేకుండా నేరుగా విత్తే డ్రమ్ సీడరో పరిచయం చేసేటప్పుడు రైతును అడిగేవాణ్ని: "దీని మీద నీ నమ్మకం రూపాయికి ఎన్ని అణాలు?" ఆయన "నాలుగణాలు" అనేవాడు. సహజంగా మనకు "పన్నెండణాలు ఎందుకు లేదు?" అని అడగాలనిపిస్తుంది. అలా అడిగితే ఆయన తన అనుమానాలన్నీ వరసపెట్టి చెబుతాడు, చెప్పేకొద్దీ అవి పెరుగుతాయి. నేను తిరగేసి అడిగేవాణ్ని: "నాలుగణాలంటున్నావు, అసలు లేకపోలేదు కదా. ఒక్క అణా అని ఎందుకు అనలేదు?" ఇప్పుడు ఆయన నా తరఫున వాదించడం మొదలుపెడతాడు. "నాట్లకు మనుషులు దొరకట్లేదు సార్, నారుమడి ఖర్చు తప్పుతుంది..." ఇలా. ఆ కారణాలు ఆయన నోటివి కాబట్టి మర్నాటికి కూడా నిలుస్తాయి. తాగుడు మానిపించే కౌన్సెలింగ్‌లో విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983 నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా ఈ దారిదే అని తర్వాత తెలిసింది. వాళ్లు సున్నా నుంచి పది వరకూ అంకెలు అడుగుతారు. నాకు అణాలే బాగుంటాయి, పెద్దవాళ్లు నవ్వుతూ జవాబిస్తారు.

మనిషి ఎవరో చెప్పింది విని మారడం కంటే, తాను చెప్పింది తానే విని మారడం ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో మాంసం కొరత వచ్చినప్పుడు, జనం ఇష్టపడని గుండె, కిడ్నీ లాంటివి వండుకోమని గృహిణులను ఒప్పించాల్సి వచ్చింది. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు కొందరికి చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు. కొందరిని కూర్చోబెట్టి "మనలాంటి ఇళ్లలో ఇది వండటానికి ఇబ్బందేమిటి?" అని వాళ్లలో వాళ్లనే మాట్లాడుకోనిచ్చాడు. తర్వాత వెళ్లి అడిగితే, ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతం మందే వండారు. మాట్లాడుకున్నవాళ్లలో 32 శాతం మంది వండారు.

మన దగ్గర ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. సారా చెడ్డదని ప్రభుత్వమూ పెద్దలూ ఎన్నేళ్ల నుంచి చెప్పలేదు? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, సారా వల్ల ఇల్లు గుల్లయిన ఒక ఇల్లాలి కథను వాచకంలో చదువుకున్నారు. "ఇది మన కథే కదా" అని తమలో తాము మాట్లాడుకున్నారు, కదిలి వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిషేధం తర్వాత ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే చర్చ. ఒప్పించడం విషయంలో నేను దీన్నుంచి తీసుకున్నది ఒక్కటే: ఆ గదిలో ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు.

ఆఫీసు సంగతి చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. మీరన్న మాటే ఇంకొకరంటే తలూపుతున్నారంటే, ఆ ఇంకొకరు మీటింగ్‌కు ముందే ఇద్దరు ముగ్గురితో టీ దగ్గర మాట్లాడి ఉంటారు. మీటింగ్‌లో నిర్ణయాలు పుడతాయనుకోవడం భ్రమ. అక్కడ ఎక్కువగా జరిగేది ముద్ర వేయడమే. కొత్త మాటను నలుగురి ముందు మొదటిసారి వింటే ఎవరైనా ముందు తమ పని ఎంత పెరుగుతుందో లెక్కేసుకుంటారు. కాబట్టి మీ సలహా వల్ల ఎవరికి ఎక్కువ పని పడుతుందో ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి. "ఇలా చేద్దామనుకుంటున్నా, నీకెక్కడ ఇబ్బంది?" అని అడగండి. ఆయన చెప్పిన మార్పు ఒకటి అందులో చేర్చి, మీటింగ్‌లో ఆయన పేరు చెప్పి మరీ ప్రస్తావించండి. పూర్తిగా మార్చేద్దాం అనకుండా ఒక చిన్న మాడ్యూల్‌లో, రెండు వారాలకే అడగండి. రైతు దగ్గర లోపలి మడి ఎలాగో మేనేజర్ దగ్గర ఇది అలాగ. పోతే కొద్దిగానే పోతుంది, ఎవరి కంటా పడదు.

బేరం గురించి పెద్దగా చెప్పను. కాయగూరల బండి దగ్గర అయిదు రూపాయల కోసం నేర్పు చూపించడం నాకిష్టం ఉండదు. ఇంటి అద్దె, పాత బండి లాంటివైతే రెండే మాటలు. మొదటిది, అవసరమైతే లేచి వెళ్లిపోవడానికి నిజంగా సిద్ధపడి వెళ్లాలి. రెండోది, డబ్బు కాకుండా ఎదుటివాళ్లకు ఇంకేం కావాలో అడగాలి. అద్దె తగ్గించని ఓనరు, రెండేళ్లు ఉంటామని మాటిస్తే తగ్గించవచ్చు. ఆయన బెంగ ఇల్లు ఖాళీగా ఉండిపోతుందని.

వీడియోల్లో చెప్పే చిట్కాల గురించి కూడా ఒక మాట. "ఎందుకంటే" అని ఏదో ఒక కారణం తగిలిస్తే చాలు జనం ఒప్పుకుంటారని తరచూ చెబుతుంటారు. అది ఎలెన్ లాంగర్ అనే సైకాలజిస్టు బృందం 1978లో ప్రచురించిన ప్రయోగం. జెరాక్స్ మిషన్ దగ్గర కాపీలు తీయబోతున్నవాళ్లను "5 పేజీలే, ముందు నన్ను తీసుకోనివ్వండి" అని అడిగితే 60 శాతం మంది సరేనన్నారు. "ఎందుకంటే నేను కాపీలు తీసుకోవాలి" అని అర్థంలేని కారణం తగిలించినా 93 శాతం మంది సరేనన్నారు. ఇంతవరకే చెప్పి ఊరుకుంటారు. అదే ప్రయోగంలో 20 పేజీలు అడిగినప్పుడు ఆ ఉత్తుత్తి కారణం ఏమాత్రం పనిచేయలేదు. కారణం చెప్పకపోయినా, అది చెప్పినా 24 శాతమే. తొందర పని ఉందన్న అసలైన కారణం చెబితేనే 42 దాకా వెళ్లింది. ఎదుటివాడికి నష్టం పెద్దదయ్యేకొద్దీ చిట్కా చెల్లదన్నమాట. మీ నాన్నగారి కన్ను 5 పేజీల వ్యవహారం కాదు.

చిట్కాల్లో నేను నమ్మేది ఒక్కటుంది, అది నిజానికి చిట్కా కాదు, మర్యాద. అడగాల్సింది అడిగాక "ఆపైన మీ ఇష్టం" అనడం. ఫ్రాన్స్‌లో గెగెన్, పాస్కువల్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో, దారిన పోయేవాళ్లను బస్సు చార్జీకి చిల్లర అడిగితే పదిమందిలో ఒకరే ఇచ్చారు. "ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం" అని చేరిస్తే దాదాపు సగం మంది ఇచ్చారు. అయితే ఆ మాట మనస్ఫూర్తిగా అనాలి. "సరే, నీ ఇష్టం!" అని మన ఇళ్లల్లో విసురుగా అనే మాట ఉంది చూశారూ, అది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

భయపెట్టి, తొందరపెట్టి, "అమ్మ మీద ఒట్టు" వేయించి పని జరిపించుకోవడం కూడా కుదురుతుంది. ఒకసారి కుదురుతుంది. రేపు మళ్లీ అదే ఇంట్లో అన్నం తినాల్సినవాళ్లు ఆ పని చేయకూడదని నా అభిప్రాయం. మేం ఏనాడైనా దిగుబడి పెంచి చెప్పామంటే, ఆ రైతు రెండో ఏడు మమ్మల్ని గట్టెక్కనిచ్చేవాడు కాదు. కొత్త పద్ధతిలో కలుపు ఎక్కువ వస్తుందని మేమే ముందు చెబితే, "ఈయన దాచడు" అని మిగతాది నమ్మేవాడు. మీరూ ఆపరేషన్‌లో ప్రమాదమే లేదనకండి. ఏ ఆపరేషన్‌లోనైనా కొంత ఉంటుందని, ఈ కంటికి ఎంతుందో డాక్టర్నే అడుగుదామని అనండి.

ప్రాక్టీస్ ఎలా అంటారా, పెద్ద విషయాలతో మొదలుపెట్టకండి. ఈ వారం ఎవరు దేనికి కాదన్నా, మీరు జవాబిచ్చే ముందు ఆయన మాటను మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే ఈ నెలాఖరు దాకా కుదరదంటున్నావు, ఆడిట్ ఉంది కాబట్టి, అంతేనా?" సగం సార్లు "కాదు, అది కాదు" అని అసలుది చెబుతారు. ఇదొక్కటే అలవాటు చేసుకోండి, మిగతావి దాని వెనకే వస్తాయి. ఇంట్లోవాళ్ల దగ్గర ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే వాళ్ల జవాబు మనకు ముందే తెలుసనుకుంటాం.

ఒక్క విషయంలో మాత్రం ఇదంతా పక్కన పెట్టండి. నాన్నగారికి కన్ను ఉన్నట్టుండి ఎర్రబడి, నొప్పి, తలనొప్పి, వాంతులు వచ్చినా, చూపు ఒక్కసారిగా తగ్గినా అణాలు అడుగుతూ కూర్చోవద్దు. ముదిరిన శుక్లం వల్ల కంట్లో ఒత్తిడి పెరిగినప్పుడు కూడా అలా అవుతుంది, ఆలస్యమైతే చూపు తిరిగి రాదు. ఆయన ఎంత కాదన్నా సరే, ఆ రోజే బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోపం తగ్గాక మాట్లాడుకోవచ్చు.